చిన్న బాడీ, మహాగని టాప్ గిటార్: ఏది తీసుకోవాలి?

తీరిక_వేళ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. నా దగ్గర ఉన్నది ఒకటే గిటార్, టాప్ (ముందు పలక) స్ప్రూస్ అనే తేలిక చెక్కతో చేసిన డ్రెడ్‌నాట్, అంటే పెద్ద బాడీ గిటార్. గిటార్ మంచిదే. కానీ రాత్రి భోజనాలయ్యాక హాల్లో చాప మీద కూర్చుని పాత సినిమా పాటలు పాడుకునే మనిషికి అది పెద్దదైపోయింది. కుడి భుజం పైకెత్తి పట్టుకోవాల్సి వస్తోంది. కాస్త గట్టిగా వాయిస్తే నా గొంతు నాకే వినిపించదు. పక్క ఫ్లాట్ వాళ్లకు మాత్రం గిటార్ బాగా వినిపిస్తోందట.

స్నేహితుడి ఇంట్లో పూర్తి మహాగని గిటార్ ఒకటి కాసేపు వాయించాను. మెరుపులు తక్కువ, మాట సూటిగా ఉన్నట్టు అనిపించింది. అప్పటి నుంచి మనసు దాని మీదే ఉంది. బడ్జెట్ 45,000 రూపాయలు. వేదిక మీద వాయించే ఉద్దేశం లేదు. సగం వేళ్లతో మీటడం, సగం నెమ్మదైన స్ట్రమ్మింగ్. ఏవి చూడమంటారు?

చెక్కపని (విజయవాడ)

ముందు సైజు సంగతి తేల్చుకోండి, చెక్క తర్వాత. డ్రెడ్‌నాట్ కింది భాగం వెడల్పు సుమారు 39.7 సెం.మీ. మార్టిన్ అనే అమెరికా గిటార్ కంపెనీ కొలతల్లో 000 సైజు 38 సెం.మీ., 00 సైజు 36 సెం.మీ. పైచిలుకు. అంటే డ్రెడ్‌నాట్‌కూ 000కూ వెడల్పులో తేడా రెండు సెంటీమీటర్లు కూడా లేదు. మరి ఒడిలోకి తీసుకోగానే అంత తేడా ఎందుకు తెలుస్తుందంటే, లోతు వల్ల, నడుము వల్ల. డ్రెడ్‌నాట్ లోతు 12.4 సెం.మీ. ఉంటే 000 లోతు 10.5 దగ్గర ఉంటుంది. నడుము బాగా లోపలికి ఉంటుంది కాబట్టి తొడ మీద కిందికి దిగి కూర్చుంటుంది. మీ భుజం సమస్య అక్కడే సగం తీరుతుంది.

చాప మీద కూర్చునేవారికి ఇంకో మాట. బాసిపట్టు వేసుకుంటే గిటార్ కుడి తొడ మీద పెట్టాలా, రెండు కాళ్ల మధ్యలో పెట్టాలా అన్నది ఒక్కొక్కరిది ఒక్కో అలవాటు. దుకాణంలో ఎత్తు స్టూలు ఇస్తారు, దాని మీద కూర్చుని నిర్ణయించుకోవద్దు. నేల మీద కూర్చుని వాయించి చూడండి. ఎవరో నవ్వితే నవ్వనివ్వండి.

ఆదివారం_కాయిర్ (గుంటూరు)

నాది కాస్త ఎదురు మాట. ఈ మహాగని టాప్ అంతా ఇంటర్నెట్ మోజు. వీడియోలో మైకు దగ్గర పెట్టి రికార్డు చేస్తే వెచ్చగా, తియ్యగా వినిపిస్తుంది. చర్చిలో జనం అంతా గొంతు కలిపితే ఆ గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాలి. కొంచెం గట్టిగా కొడితే శబ్దం పెరగదు, గరగరలాడుతుంది. స్ప్రూస్ అయితే ఎంత కొడితే అంత ఇస్తుంది. ఒక్క గిటారే కొనుక్కునేవారు స్ప్రూస్ టాప్ ఉన్న చిన్న గిటార్ తీసుకోవడం తెలివైన పని.

చెక్కపని (విజయవాడ)

కాయిర్ గారు, మీరు చెప్పిన లక్షణం నిజమే. అది లోపమా, గుణమా అన్నది మాత్రం వాయించే చోటును బట్టి ఉంటుంది.

సిట్కా స్ప్రూస్ ఘనపు మీటరుకు సుమారు 425 కిలోలు తూగుతుంది, అసలు మహాగని 590 దాకా. నార వెంబడి బిగువులో (వంగకుండా నిలిచే గుణంలో) రెండింటికీ పెద్ద తేడా లేదు. కాబట్టి అదే బిగువు కోసం మహాగని టాప్ ఎక్కువ బరువు మోయాలి. బరువైన పలక త్వరగా కదలదు. తీగ మీటగానే వచ్చే చురుకు తగ్గుతుంది, పై స్వరాల తళుకు తగ్గుతుంది, అసలు స్వరం ముందుకొస్తుంది. గట్టిగా కొట్టినప్పుడు శబ్దం ఒక హద్దు దగ్గర ఆగిపోతుంది. మందిరంలో అది ఇబ్బంది. రాత్రి పదింటికి, గోడ అవతల ఎవరో నిద్రపోతుండగా పాడుకునే మనిషికి అదే కావాలి. ప్రశ్న అడిగినవారు వేదిక లేదని ముందే చెప్పారు కదా.

మోజు అన్నారు కాబట్టి చెబుతున్నాను, ఇది కొత్త సంగతి కాదు. మార్టిన్ కంపెనీ 1922లో 2-17 అనే చిన్న గిటార్‌ను మహాగని టాప్‌తో, ఉక్కు తీగలకు తట్టుకునేలా చేసింది. వారి మామూలు మోడళ్లలో ఉక్కు తీగలతో వచ్చిన మొదటిది అదే. నగిషీలు లేని, తక్కువ ధర గిటార్. 15 శ్రేణి 1940లో వచ్చింది, అదీ అదే దారి. డబ్బు లేనివారి గిటార్ ఇప్పుడు డబ్బున్నవారి ముచ్చట అయింది, అంతే.

ఆదివారం_కాయిర్ (గుంటూరు)

చరిత్రకు ధన్యవాదాలు. చౌకగా చేయడానికి వాడిన చెక్కను ఇప్పుడు గొప్ప నాదం అంటున్నారని మీరే చెప్పారు.

చెక్కపని (విజయవాడ)

చౌక అన్నది నగిషీ సంగతి, నాదం సంగతి కాదు. చౌకతనం నాదాన్ని ఎక్కడ దెబ్బతీస్తుందో చూడాలంటే 1958లో వచ్చిన గిబ్సన్ ఎల్‌జీ-0 చూడండి. అది కూడా మహాగని టాపే, చిన్న బాడీయే. టాప్‌కు లోపల ఆనుగా ఉండే బద్దీలను ఎక్స్ ఆకారంలో కాకుండా నిచ్చెన మెట్లలా అడ్డంగా అతికించారు. దాంతో అది డబ్బాలా పలుకుతుందని కొందరు పక్కన పెడతారు, బ్లూస్ వాయించేవారు ఆ పొడి శబ్దం కోసమే వెతుక్కుంటారు. చెక్క ఒకటే, బద్దీలు మారితే గిటారే మారిపోయింది. టాప్ ఏ చెక్క అని అడిగేటప్పుడు, లోపల బద్దీలు ఎలా ఉన్నాయని కూడా అడగాలి.

ఐదున్నర (రాజమహేంద్రవరం)

నేను గాయనిని. కర్ణాటక సంగీతం నేర్చుకున్నాను. మా తమ్ముడు గిటార్ వాయిస్తాడు, ఇద్దరం కలిసి లలిత గీతాలు పాడుకుంటాం. ఈ చర్చలో గొంతు గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నాను.

నా శ్రుతి ఐదున్నర, గిటార్ వారి లెక్కలో జీ షార్ప్. తమ్ముడు కేపోను (తీగలన్నీ ఒకేసారి నొక్కిపట్టే బిగింపు) ఒకటో ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు మెట్టు) మీద పెట్టి జీ కార్డ్స్ వాయిస్తాడు, లేదా నాలుగో ఫ్రెట్ మీద పెట్టి ఈ కార్డ్స్ వాయిస్తాడు. రెండోది గొంతుకు బాగా ఒదుగుతుంది. కానీ పెద్ద స్ప్రూస్ గిటార్ మీద నాలుగో ఫ్రెట్‌లో కేపో పెడితే ఆ శబ్దం నా స్వరం ఉండే చోటికే వచ్చి కూర్చుంటుంది. పై స్వరాలు గలగలమంటుంటే గమకం పలికినా వినిపించదు. వాడి మహాగని గిటార్ మీద ఆ పోటీ లేదు. షడ్జమం దిట్టంగా ఉంటుంది, దాని మీద నేను నిలబడి పాడగలను. తంబురా లేనిచోట నాకు కావలసింది అదే.

మగవారి శ్రుతి ఒకటి, ఒకటిన్నర ప్రాంతంలో ఉంటే ఈ తేడా ఇంత తెలియకపోవచ్చు. మీరు పాడే శ్రుతిలో, మీరు పెట్టే ఫ్రెట్‌లో కేపో పెట్టి చూడండి. అందరూ దుకాణంలో కేపో లేకుండా జీ కార్డ్ ఒకటి మోగించి తలూపి వచ్చేస్తారు.

తీరిక_వేళ (హైదరాబాద్)

అందరికీ కృతజ్ఞతలు. ఐదున్నర గారు, మీ మాట నన్ను ఆలోచనలో పడేసింది. మా ఆవిడ పాడేది ఐదు శ్రుతిలో, నేను పాడేది ఒకటిన్నరలో. ఒకే గిటార్ ఇద్దరికీ సరిపోవాలి. మోడళ్ల పేర్లు కూడా చెప్పండి.

ఎడిసన్_నుంచి (న్యూజెర్సీ)

నా దగ్గర మార్టిన్ 000-15ఎం ఉంది. పైన, వెనక, పక్కన అన్నీ గట్టి మహాగని, అంటే పొరలు అతికించని చెక్క. మెరుగు లేని పల్చటి ఫినిష్, చేయి ఆనే చోట కాలక్రమంలో తనంతట తానే నున్నబడుతుంది. ఇక్కడి నుంచి పెన్సిల్వేనియాలోని నజరెత్ కారులో వెళ్లేంత దూరం, అక్కడ మార్టిన్ ఫ్యాక్టరీ, మ్యూజియం రెండూ చూడవచ్చు. పాత 17 శ్రేణి గిటార్లను చూస్తే చెక్కపని గారు చెప్పినది కళ్లకు కడుతుంది. ఒక్క పూవు లేదు, ఒక్క ముత్యపు చిప్ప లేదు. ముదురు గోధుమ రంగు చెక్క, అంతే.

కానీ మీ బడ్జెట్‌కు అది అందదు. ఇండియాలో లక్ష దాటుతుంది. గిల్డ్ ఎం-120 కూడా పూర్తి గట్టి మహాగనే, ఇంకా చిన్నది, తీగ పొడవు 24.75 అంగుళాలు. అక్కడ దొరికితే చూడండి. మీ పరిధిలో నాకు తెలిసినవి రెండు: కోర్ట్ ఎల్450సి, కాస్త పెంచగలిగితే టేలర్ జీఎస్ మినీ మహాగని. రెండింటికీ టాప్ గట్టి మహాగని. జీఎస్ మినీ వెనక, పక్కలు మాత్రం పొరలు అతికించిన సపీలే అనే చెక్క.

చెక్కపని (విజయవాడ)

సపీలే అన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. దుకాణాల్లో మహాగని అనే పేరు చాలా చెక్కలకు తగిలిస్తారు. అసలుది మధ్య, దక్షిణ అమెరికాల స్వీటీనియా. ఆఫ్రికా ఖయా దాని బంధువు, సపీలే కాస్త దూరపు బంధువు, బరువు ఎక్కువ. ఒకూమే అయితే ఆ కుటుంబమే కాదు. వీటిలో ఏదీ చెడ్డ చెక్క కాదు, మంచి గిటార్లు అన్నింటితోనూ వచ్చాయి. నేను భయపడేది పేరు గురించి కాదు, ప్లైవుడ్ గురించి. చీటీ మీద మహాగని టాప్ అని మాత్రమే ఉండి, గట్టి చెక్క అన్న మాట లేకపోతే అది పొరల టాప్ అనుకోండి.

చూసే పద్ధతి సులువు. టాప్ మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రం అంచును ఫోన్ లైటు వేసి చూడండి. పైన కనిపించే నార గీతలు అంచు మందంలోకి అలాగే దిగితే గట్టి చెక్క. మధ్యలో అడ్డంగా వేరే రంగు పొర కనిపిస్తే ప్లైవుడ్. అంచుకు నల్లరంగు పూసి దాచి ఉంటే అమ్మేవారిని అడగండి, జవాబు తడబడితే లేచి వచ్చేయండి.

ఇంకా: 12వ ఫ్రెట్ దగ్గర లావు తీగ కింద 2.5 మి.మీ., సన్న తీగ కింద 2 మి.మీ. ఎత్తు చాలు. అంతకు మించి ఉంటే సెటప్ చేయించి ఇమ్మనండి. బ్రిడ్జ్ (టాప్ మీద తీగలు బిగించే పట్టీ) వెనక అంచు కింద కాగితం దూరితే అతుకు లేస్తున్నట్టు. నట్ (నెక్ తల దగ్గర తీగలు ఆనే పట్టీ) వెడల్పు 43 మి.మీ.నా, 44.5 మి.మీ.నా అన్నది వేళ్లతో మీటేవారికి చెక్క కంటే ముఖ్యం. ఈ మాట ఎంతమందికి చెప్పినా ఎవరూ వినరు, టాప్ గురించే అడుగుతారు.

గట్టుమీద_గిటార్ (విశాఖపట్నం)

టాప్ గట్టి చెక్క అయితే వాతావరణం గురించి ఆలోచించక తప్పదు. గాలిలో తేమ 45 నుంచి 55 శాతం ఉంటే గిటార్ సుఖంగా ఉంటుంది. మాకు సముద్రం పక్కన అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే. టాప్ ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి, వర్షాకాలంలో గొంతు మూసుకుపోయినట్టు పలుకుతుంది. హైదరాబాద్‌లో మీకు దీనికి తిరగబడ్డ బాధ. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో తేమ 30 శాతం కిందికి జారుతుంది. చెక్క ముడుచుకుని టాప్ లోపలికి దిగుతుంది, ఫ్రెట్ కొసలు చేతికి గీసుకుంటాయి. అప్పుడూ పట్టించుకోకపోతే పగులు.

ఖరీదైన సామాను అక్కర్లేదు. మూత ఉన్న సబ్బుపెట్టెకు చిల్లులు పెట్టి, పిండిన తడి స్పాంజి అందులో పెట్టి, కేసులో నెక్ తల దగ్గర ఉంచండి. తేమ చూపే చిన్న డిజిటల్ మీటరు ఒకటి కొనండి. అది నిజం చెబుతోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు: సీసా మూతలో ఉప్పు పోసి, ముద్దయ్యేంత నీళ్లు చల్లి, మీటరుతో పాటు గాలి చొరని సంచిలో రాత్రంతా ఉంచితే 75 శాతం చూపాలి. ఎంత తేడా చూపితే అంత లెక్క సరిచేసుకోండి.

గోడకు తగిలించడం చూడ్డానికి బాగుంటుంది. వేసవిలో మాత్రం కేసులోనే ఉంచండి.

ఆదివారం_కాయిర్ (గుంటూరు)

ఈ సబ్బుపెట్టె సేవలన్నీ చూశాక, నా పొరల గిటార్ మీద నాకు ప్రేమ ఇంకా పెరిగింది. ఎండలో, వానలో, ఆటోలో తిరుగుతుంది. ఒక్క మాట అనదు.

గట్టుమీద_గిటార్ (విశాఖపట్నం)

అందులో తప్పేమీ లేదు. ఊరూరా తిరిగే గిటార్‌కు పొరల చెక్కే మంచిది.

తీరిక_వేళ (హైదరాబాద్)

ఈ వారాంతం రెండు దుకాణాలు చూసి వచ్చాను. నేల మీద కూర్చున్నాను, ఎవరూ నవ్వలేదు. దుకాణం అబ్బాయి కూడా వచ్చి పక్కన కూర్చున్నాడు.

జీఎస్ మినీ మహాగని: శరీరానికి దానంత హాయిగా ఏదీ లేదు. చిన్నదానికి ఆశ్చర్యపోయేంత గొంతు ఉంది. కానీ నాకు ఒక అలవాటు ఉంది, కొన్ని పాటలకు తీగలన్నీ అర స్వరం దించి వాయిస్తాను. అలా దించగానే లావు తీగలు వదులైపోయాయి. పైగా నాలుగో ఫ్రెట్‌లో కేపో పెడితే బొమ్మ గిటార్‌లా అనిపించింది.

కోర్ట్ ఎల్450సి: కొంచెం పెద్దది, లోతు తక్కువే. కేపో లేకుండా మొదట వాయించినప్పుడు చప్పగా ఉందనుకున్నాను. మా ఆవిడ పక్కన నిలబడి రెండు చరణాలు పాడింది. అప్పుడు తెలిసింది. ఆమె గొంతు గిటార్ మీద ఎక్కి కూర్చున్నట్టు ఉంది. అదే పాటను పక్కనే ఉన్న అదే సైజు స్ప్రూస్ గిటార్ మీద వాయిస్తే గిటార్ అందంగా వినిపించింది, ఆమె కాదు.

కాయిర్ గారు, స్ప్రూస్ దాన్ని విడిగా వాయించినప్పుడు నాకు అదే నచ్చింది. ఆ మాట దాచను. ఇంకా డబ్బు కట్టలేదు.

చెక్కపని (విజయవాడ)

జీఎస్ మినీ విషయంలో మీరు గమనించినదానికి కారణం ఉంది. దాని తీగ పొడవు 23.5 అంగుళాలు, అంటే 597 మి.మీ. అంత తక్కువ పొడవుకు బిగువు చాలదనే కంపెనీవారు 13 గేజ్ (తీగ మందం కొలత) లావు తీగలు వేసి పంపుతారు. దించి వాయిస్తే ఆ బిగువు పోతుంది. నాలుగో ఫ్రెట్‌లో కేపో పెడితే మిగిలేది 474 మి.మీ. అదే 645 మి.మీ. పొడవున్న గిటార్ అయితే 512 మి.మీ. మిగులుతుంది. మీ అలవాట్లకు పొడవు తీగే సరి.

ఒకవేళ ఎవరైనా ప్రయాణాలకు, పిల్లలకు అడుగుతుంటే నేను మినీయే చెబుతాను.

మామిడితోట (కోనసీమ)

అయ్యా, విషయం నుంచి పక్కకు వెళ్తున్నందుకు ఏమీ అనుకోకండి. గిటార్ వాయించడం రాదు, మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు. మా గట్ల మీద మహాగని మొక్కలు వేశాం. నర్సరీ వారు పదేళ్లలో కోట్లు అన్నారు. ఈ చెక్కతో గిటార్లు చేస్తారని ఇప్పుడే తెలిసింది. మా చెట్లు పనికొస్తాయా?

చెక్కపని (విజయవాడ)

పక్కకు వెళ్లడం కాదు, ఇదే అసలు విషయం. మీరు వేసింది స్వీటీనియా అయితే జాతి సరైనదే. ఆ చెట్టు మనదేశానికి కొత్తదేమీ కాదు, బ్రిటిష్‌వారు 18వ శతాబ్దం చివర్లోనే కలకత్తా తోటలో నాటారు.

కానీ గిటార్ టాప్‌కు కావలసింది వేరు. టాప్ రెండు పలకల అతుకు. ఒక్కో పలక 20 సెం.మీ. వెడల్పు, మూడు మి.మీ. మందం. దాన్ని మానుకు కేంద్రం నుంచి బెరడు వైపుగా కోయాలి, అప్పుడే నార నిటారుగా వస్తుంది. మధ్యనున్న లేత చేవ, బయటి తెల్ల చెక్క తీసేశాక 20 సెం.మీ. మిగలాలంటే మాను అడ్డుకొలత అర మీటరుకు తగ్గకూడదు. ముడులు ఉండకూడదు, నార మెలి తిరగకూడదు. పదేళ్ల చెట్టుతో అది అయ్యే పని కాదు. ఫిజీలో నాటి పెంచిన మహాగని గిటార్లకు వెళుతోంది, అవి దశాబ్దాల వయసున్న తోటలు. కోట్ల లెక్క ఎవరు చెప్పినా, కొనేవారు ఎవరో, ఏ కొలత మానుకు ఎంత ఇస్తారో కాగితం మీద అడగండి.

ఎడిసన్_నుంచి (న్యూజెర్సీ)

దీనికి చిన్న చేర్పు. మధ్య, దక్షిణ అమెరికా అడవుల అసలు మహాగని 2003 నవంబరు నుంచి అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ జాబితాలో ఉంది. దుంగలు, కోసిన చెక్క, పొరలు, ప్లైవుడ్‌కు అనుమతి పత్రాలు కావాలి. తయారైన గిటార్‌కు ఆ నిబంధన వర్తించదు. తోటల చెక్కకు, సపీలేకు గిరాకీ పెరగడానికి అదొక కారణం.

మామిడితోట (కోనసీమ)

అర్థమైంది. మా మనవడి పెళ్లికి గిటార్ చేయిస్తాం లెండి.

నిర్వాహకులు

తోటల గురించి విడిగా చర్చ ప్రారంభించవచ్చు, ఆసక్తి ఉన్నవారు చాలామందే కనిపిస్తున్నారు. ఇక్కడ గిటార్ ఎంపిక కొనసాగించండి.

ఎడిసన్_నుంచి (న్యూజెర్సీ)

తీరిక_వేళ గారు, మీకు తెలిసినవారెవరైనా ఇక్కడి నుంచి వస్తూ తెస్తామంటే: అమెరికా విమాన సంస్థలు చిన్న వాద్యాలను, పైన సామాను పెట్టే అరలో చోటుంటే, లోపలికి అనుమతించాలని చట్టం ఉంది. చోటుంటే అన్నది గుర్తుంచుకోవాలి, ముందుగా ఎక్కినవారికే దక్కుతుంది. తీగలు కాస్త వదులు చేసి గట్టి కేసులో పెట్టాలి. ఇండియాలో దిగాక సుంకం లెక్క వేరు, వారంటీ కూడా ఇక్కడే మిగిలిపోతుంది. మీ బడ్జెట్‌లో ఆ తంటా వద్దనే నా సలహా.

తీరిక_వేళ (హైదరాబాద్)

కోర్ట్ తీసుకున్నాను. ఆ దుకాణంలో ఉన్న రెండింటిలో తేలికైనది ఎంచుకున్నాను. ఒకే మోడల్ అయినా రెండూ ఒకలా పలకలేదు, ఇది ముందే ఎవరైనా చెప్పాల్సింది. లావు తీగ ఎత్తు 3 మి.మీ. దాటి ఉంటే శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగలు ఆనే సన్న పట్టీ) అడుగు రుద్ది 2.5కు తెచ్చి ఇచ్చారు. సబ్బుపెట్టె సిద్ధం. బడ్జెట్‌లో మిగిలిన డబ్బుతో కేసు కొన్నాను.

ఇక తీగల సంగతి. ఇప్పుడున్నవి 12 గేజ్ ఫాస్ఫర్ బ్రాంజ్. నాకైతే కొంచెం మసకగా ఉన్నాయి.

ఐదున్నర (రాజమహేంద్రవరం)

అభినందనలు. మీ ఆవిడ గారికి కూడా.

చెక్కపని (విజయవాడ)

మసక అనిపిస్తే 80/20 బ్రాంజ్ (80 పాళ్లు రాగి, 20 పాళ్లు జింక్) తీగలు వేసి చూడండి, మహాగని మీద ఆ చురుకు ఎక్కువైనట్టు ఉండదు. గేజ్ 11కు దించితే అర స్వరం దించినప్పుడు మళ్లీ వదులవుతాయి, 12లోనే ఉండండి. మార్చేటప్పుడు తీగలన్నీ ఒకేసారి విప్పేయకుండా ఒక్కొక్కటిగా మార్చండి.

ఆదివారం_కాయిర్ (గుంటూరు)

నేనైతే మోనెల్ (నికెల్, రాగి మిశ్రమం) తీగలు వేయమంటాను. మరీ పొడిగా ఉంటాయని చెక్కపని గారు అంటారు చూడండి.

చెక్కపని (విజయవాడ)

పొడిగానే ఉంటాయి. కానీ పాత పాటలకు బాగుంటాయి, కాయిర్ గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నాను. 80/20 అరిగాక అవి వేసి చూడండి.